మనవడి ఊపిరితిత్తి, అమ్మమ్మ మెడ

2018 వానాకాలం. బాన్సువాడ బస్టాండు వెనక సందులో నా పిల్లల ఆస్పత్రి. కాసిన్ని మంచాలు, ఒక ఎక్స్‌రే గది, ఇద్దరు నర్సులు, ఎప్పుడు చూసినా కిక్కిరిసి ఉండే వరండా. నిజాంసాగర్ కాల్వ కింద నాట్లు జోరుగా నడుస్తున్న రోజులవి. ఆ రోజుల్లో నాకు ఒళ్ళు మండిపోతుంటుంది. పిల్లాడికి జ్వరం మొదలైనప్పుడు తీసుకురారు. నాటు అయిపోయాక, పిల్లాడు వడలిపోయాక, బురద కాళ్ళతో పరుగెత్తుకొస్తారు. నేను తిడతాను. వాళ్ళు తలొంచుకుని వింటారు. మళ్ళీ అదే చేస్తారు. బీర్కూర్ బస్సెక్కి కూర్చుంటే నా తిట్ల గురించి రెండు కథలైనా వినొచ్చని మా నర్సు సునీత అంటుంది. అననీయండి, నాకేం పోయింది.

ఆ రోజు పొద్దున్నే, ఓపీ ఇంకా మొదలుకాకముందే, ఒక పెద్దావిడ వరుసలో ఉన్నవాళ్ళందర్నీ తోసుకుంటూ నేరుగా నా గదిలోకి వచ్చేసింది. చేతుల్లో ఏడు నెలల బాబు. వెనక కోడలు, కొడుకు.

‘‘డాక్టరమ్మా, జర సూడు. పోరడు దమ్ము తీస్తుండు. రాత్రి నుంచి పాలు ముడ్తలేడు.’’

ఆమె పేరు సాయవ్వ. బీర్కూర్ దగ్గర పల్లె. కొడుకు నరేష్ కోత మిషను నడుపుతాడు. కోడలు మౌనిక. బాబు రిత్విక్. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఆ క్షణాన నాకు కనిపించింది బాబు పెదాల నీలం రంగొక్కటే. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. స్టెతస్కోపు పెడితే ఎడమ పక్క ఊపిరి వినిపిస్తోంది, కుడి పక్క ఏమీ లేదు. ఖాళీ కుండ మీద చెవి పెట్టినట్టుంది.

ఎక్స్‌రే తీస్తే కుడి ఛాతీ అంతా నల్లగా ఉంది. ఊపిరితిత్తి చిరిగి గాలి బయటికి వచ్చి, ఆ గాలే ఊపిరితిత్తిని ఒక మూలకు నొక్కేసింది. దీన్ని నుమోథొరాక్స్ అంటాం. నిజామాబాద్ చేరేదాకా ఆగే వ్యవధి లేదు. ముందు సూది గుచ్చి గాలి తీశాను. తర్వాత పక్కటెముకల మధ్య నుంచి సన్నటి గొట్టం దించి, దాని రెండో కొసను నీళ్ళున్న సీసాలో ముంచాను. గాలి బుడగలుగా పోతుంది, తిరిగి లోపలికి రాదు. సీసాలో నీళ్ళు బుడబుడమన్నాయి. కాసేపటికి పెదాలు ఎర్రబడ్డాయి. వాడు గుక్క పట్టి ఏడ్చాడు. అంత చక్కటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

సాయవ్వ గుమ్మం దగ్గర కూలబడి, ‘‘నా బంగారమే, నా రిత్తూ’’ అని ఏడుస్తోంది. మౌనిక గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఊపిరితిత్తి తెరుచుకున్నాక మళ్ళీ ఎక్స్‌రే తీశాం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గాలి నిండిన తిత్తులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. వీటిని సిస్టులంటాం. వాటిలో ఒకటి పగిలే గాలి బయటికొచ్చింది. ఇలాంటి సిస్టులు నిమోనియా తర్వాత రావచ్చు, వాటంతటవే పోతాయి. పుట్టుకతోనూ రావచ్చు, వాటికి తొందరేమీ ఉండదు, పిల్లాడు కాస్త ఎదిగాక చూసుకోవచ్చు. పది మంది డాక్టర్లను అడిగితే దాదాపు అందరూ ఈ రెంటిలో ఒకటి చెబుతారు. నేనూ అదే అనుకున్నాను. అయినా అలవాటు ప్రకారం అడిగాను.

‘‘మీ ఇంట్లో ఎవరికన్నా ఊపిరితిత్తుల జబ్బు ఉందా? చిన్నప్పుడే పోయిన పిల్లలున్నారా?’’

‘‘మా ఇంట్లనా? అయ్యో, మా ఇంట్ల ఎవ్వలకు గిసొంటి బీమారి లేదు డాక్టరమ్మా. మా అత్తమ్మ పండు ముసలిదై పోయింది. మా ఆయనకు బీపీ గూడ లేదు’’ అంది సాయవ్వ. నరేష్ అవునని తలూపాడు. మౌనిక బాబు కాళ్ళకు సాక్సు తొడుగుతోంది. తలెత్తలేదు.

మా వైపు ‘మీ ఇంట్లో’ అని అడిగితే జవాబు చెప్పేది అత్తగారే. ఆవిడ చెప్పేది తన మెట్టినింటి సంగతే. కోడలు ఆ ఇంటికొచ్చి ఎన్నేళ్ళయినా, ఆమె పుట్టినింటి రక్తం ఆ లెక్కలోకి రాదు. కోడల్ని నేరుగా అడిగినా అత్త ముఖం చూసి, ‘‘అత్తమ్మ చెప్పింది గదా’’ అంటుంది. పిల్లాడి ఒంట్లో సగం ఆమెదే అన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తట్టదు.

రెండు రోజులకు బాబు తేరుకున్నాడు. పాలు తాగుతున్నాడు, సునీత జడ పట్టుకుని లాగుతున్నాడు. సాయంత్రం నేను రౌండ్స్‌కు వెళ్ళేసరికి మంచం చుట్టూ జాతర. మౌనిక తల్లిగారి వాళ్ళు బిచ్కుంద వైపు నుంచి చూసిపోవడానికొచ్చారు. ఇద్దరాడవాళ్ళు, సంచి నిండా బత్తాయిలు, బన్నులు, ఒక స్టీలు డబ్బా. అప్పుడే సాయవ్వ కొడుకుతో కలిసి టీ తాగడానికి బయటికి వెళ్ళినట్టుంది, కనిపించలేదు.

‘‘ఇది దవాఖానా, అంగడా?’’ అని అరిచాను. ‘‘ఏడు నెలల పిల్లగానికి బత్తాయిలా? ఎవరు తింటారు ఇవన్నీ?’’

‘‘గవి నీకే డాక్టరమ్మా’’ అంది అందులో పెద్దావిడ, నవ్వుతూ. ఆమె మౌనిక తల్లి, పేరు నర్సవ్వ. పక్కనున్నది నర్సవ్వ చెల్లెలు లక్ష్మి. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు గమనించాను. వానలు రెండు రోజులుగా ఆగి ఒకటే ఉక్కపోత. ఫ్యాను కింద నిలబడ్డా నాకు చెమట కారుతోంది. వీళ్ళిద్దరూ మాత్రం కొంగును మెడ చుట్టూ రెండు చుట్లు బిగించి, కొస భుజం మీదుగా దోపుకుని కూర్చున్నారు.

‘‘ఏందమ్మా, ఇంత ఉక్కల మెడకు గట్ల చుట్టుకున్నరు?’’

‘‘సర్ది జేసింది’’ అంది నర్సవ్వ.

‘‘ఇద్దరికీ ఒక్కసారే చేసిందా?’’

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సర్ది చేసిన మనిషి పసిపిల్లాడి పక్కన కూర్చుంటుందా అని నేను గదమాయించి, నోరు తెరవమని టార్చి వేశాను. గొంతు శుభ్రంగా ఉంది. ‘‘కొంగు తియ్యి’’ అన్నాను. నర్సవ్వ కదల్లేదు. నేనే తీశాను.

మెడ మీద అడ్డంగా పాత ఆపరేషను గీత. లక్ష్మి మెడలో గడ్డ అయితే దూరం నుంచే కనిపిస్తుంది, ముద్దముద్దలుగా. థైరాయిడ్ గ్రంథి ఉబ్బితే దాన్ని గాయిటర్ అంటాం.

‘‘ఎప్పుడొచ్చింది నీకిది?’’

‘‘నా పెండ్లి గాక ముందుగాల్నే’’ అంది నర్సవ్వ, గొంతు తగ్గించి. ‘‘మా చెల్లెకు గూడ గదే ఈడుల. మా ఊరి బాయి నీళ్ళు మంచియి గావు డాక్టరమ్మా.’’

‘‘నీళ్ళైతే ఊరంతా రావాలె గదా. ఊర్ల ఇంకెవలికన్నా ఉందా?’’

‘‘లేదు.’’

‘‘మగోళ్ళకు?’’

‘‘లేదు. మా అమ్మకుండె.’’

నా చెయ్యి దానంతటదే మౌనిక మెడ మీదికి పోయింది. బయటికేమీ కనిపించదు. వేళ్ళకు మాత్రం తగిలింది, గ్రంథిలో బఠాణీ గింజల్లా రెండు మూడు ముడులు. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

‘‘నర్సవ్వా, నీకెందరు పిల్లలు?’’

‘‘ఇద్దరాడివిల్లలు.’’

‘‘పుట్టినోళ్ళెందరని అడుగుతున్న.’’

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మౌనిక కంటే ముందు ఒక కొడుకు. నడక వచ్చి, మాటలొచ్చి, ఇల్లంతా తిరిగే వయసులో దగ్గు పట్టింది. నిమోనియా అన్నారు. తర్వాత ఛాతీలో గడ్డ అన్నారు. గడ్డ అన్న మాట విన్న కొద్ది రోజులకే పోయాడు. ‘‘మా తమ్ముని తర్వాత’’ అని మౌనిక ఏదో చెప్పబోయి ఆగింది. తను పుట్టకముందే పోయినవాడు. అన్న అవుతాడు. కానీ చిన్నవాడిగానే మిగిలిపోయాడు కనుక ఆ ఇంట్లో అందరికీ తమ్ముడే.

నేను వెళ్ళి నా గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. ఏళ్ళ కిందట డాక్టర్ల క్లాసులో విన్న ఒక పేరు తలలో గంట కొట్టినట్టు మోగుతోంది. డైసర్.

చదివేవాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. ఓపిక పట్టండి, నేను తిట్టను.

మన కణం ఏ ప్రొటీన్ తయారు చేయాలన్నా డీఎన్‌ఏలో ఆ భాగానికి ఒక నకలు తీస్తుంది. దాని పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. అది ఆర్డరు చీటీ లాంటిది. చీటీ ఉన్నంతసేపూ సరుకు తయారవుతూనే ఉంటుంది. మరి ‘ఇక చాలు’ అని చెప్పేదెవరు? ఆ పని చేసేవాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ముఖ్యమైనవి. ఒక్కొక్కటి ఇరవై రెండు అక్షరాల పొడవు ఉంటుందేమో, అంతే. వీటి నుంచి ఏ ప్రొటీనూ పుట్టదు. తమ అక్షరాలతో జత కలిసే చీటీని వెతికి పట్టుకుని, దాని నోరు మూయించడమే వీటి పని. పొట్టలో బిడ్డ ఊపిరితిత్తి ఎంతవరకు పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఇలాంటి చిన్న ముక్కల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

విచిత్రమేమిటంటే, కణం వీటిని చిన్నవిగా తయారు చేయదు. ముందు పొడవాటి పోగు తీస్తుంది. ఆ పోగు తన మీద తానే మడతపడి తలపిన్ను ఆకారంలోకి వస్తుంది. కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము దాని కొసల్ని కోసేస్తుంది. మిగిలిన పొట్టి తలపిన్ను బయటికొస్తే, అక్కడ డైసర్ అనే రెండో ఎంజైము దాని వంపును కోసి పారేస్తుంది. అప్పుడు మిగిలేది జంట పోగుల చిన్న ముక్క. అందులో ఒక పోగును ఆర్గోనాట్ అనే ప్రొటీను చంకన పెట్టుకుని చీటీల వేటకు బయల్దేరుతుంది. డైసర్ సరిగ్గా కోయకపోతే ఈ వరుస అంతా అక్కడే ఆగిపోతుంది.

డైసర్‌ను తయారు చేసే జన్యువుకు మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒకటి పుట్టుకతో పాడైనా రెండోది నెట్టుకొస్తుంది. అందుకే ఆ ఇళ్ళలో చాలామంది హాయిగా బతికేస్తారు. కానీ ఎక్కడో ఒక కణంలో రెండో ప్రతి కూడా దెబ్బతింటే, అక్కడ డైసర్ ఒక పక్క కోస్తుంది, ఇంకో పక్క కోయదు. ‘చాలు’ అని చెప్పాల్సిన ముక్కలు కొన్ని తయారుకావు. ఆ కణం ఆగడం మర్చిపోతుంది. ఆడపిల్లల మెడలో అయితే గాయిటర్. పసిపిల్లల ఊపిరితిత్తిలో అయితే ముందు అమాయకంగా కనిపించే సిస్టులు. వాటిలో కొన్ని రెండు మూడేళ్ళ వయసుకు గట్టిపడి క్యాన్సరు గడ్డలవుతాయి. సిస్టుగా ఉన్నప్పుడే తీసేస్తే పిల్లాడు దాదాపు ఖాయంగా బతుకుతాడు. గడ్డ అయ్యాక మాత్రం ఎంత పెద్ద డాక్టరైనా మాటివ్వలేడు.

నర్సవ్వ కొడుకు విషయంలో జరిగింది అదే అయి ఉండాలి. రిత్విక్‌కు ఇంకా టైముంది. ఆ మాట అనుకోగానే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

నిజామాబాద్‌లో సీటీ స్కాన్ తీయించి హైదరాబాద్‌లో పిల్లల సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన నాకు పాత పరిచయం, నిదానస్తుడు. ‘‘సిస్టులే కదా మేడమ్, గాలి లీకు కూడా ఆగింది. ఏడాది నిండనివ్వండి, మళ్ళీ స్కాన్ చేసి చూద్దాం’’ అన్నాడు.

‘‘అమ్మమ్మకు, చిన్నమ్మమ్మకు చిన్న వయసులో గాయిటర్. తల్లి మెడలో ముడులున్నాయి. మేనమామ పసితనంలో ఛాతీలో గడ్డతో పోయాడు’’ అన్నాను.

‘‘డైసర్ వన్?’’ అని ఆ జన్యువు పేరే అన్నాడు.

‘‘మీరే చెప్పండి.’’

‘‘మేడమ్, రేపే పంపించేయండి.’’

సగం గెలిచాను. మిగతా సగం సాయవ్వ.

పిల్లాడు నవ్వుతున్నాడు, గొట్టం తీసేశాం, పాలు తాగి పొట్ట నిమురుకుంటున్నాడు. ఆ స్థితిలో నేను వెళ్ళి ఛాతీ కోయించాలి అంటే ఎవరొప్పుకుంటారు? ఒప్పుకోలేదు. ‘‘గింత మంచిగున్న పోరన్ని కోస్తరా? నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా డాక్టరమ్మా?’’ అంది సాయవ్వ. నరేష్‌ను అడిగితే, ‘‘అమ్మ ఎట్లంటే గట్ల మేడమ్’’ అన్నాడు. సిస్టు పగిలే ప్రమాదముందని ఎంత చెప్పినా, నాట్లయినంక చూద్దామన్నారు. అసలు కారణం చెప్తే తప్ప కదిలేలా లేరు. అసలు కారణం నా నోట రాకూడదు.

ఎందుకంటే, నర్సవ్వ వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ‘‘నీ కాళ్ళు మొక్కుత డాక్టరమ్మా. వదినెకు జెప్పకు. మా ఇంటి బీమారి తెచ్చి వాళ్ళ వంశానికంటించిందంటరు. నా బిడ్డను మాటలతోని సంపుతరు.’’ వదినె అంటే వియ్యపురాలు సాయవ్వ. కొంగులు మెడకు చుట్టుకోవడం ఈ బిడ్డ పెళ్ళిచూపుల రోజు మొదలై, ఇప్పటిదాకా విప్పలేదట.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో చెప్పలేను. మౌనికను ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాను.

‘‘చూడు మౌనికా. నీ మెడ సంగతి, మీ అమ్మ సంగతి నీ అనుమతి లేకుండా నేనెవరికీ చెప్పను. అది నా ధర్మం. కానీ చెప్పకపోతే వీడు ఇంటికిపోతడు. ఇంటికిపోతే ఏమైతదో మీ అమ్మ ఒకసారి చూసింది.’’

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ‘‘నేనే జెప్త మేడమ్. మీరు పక్కన నిలవడుండ్రి, చాలు’’ అంది. ఆ మూడు రోజుల్లో ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే.

వార్డులోకి వచ్చాం. సాయవ్వ బట్టలు మూట కడుతోంది. మౌనిక వెళ్ళి ఎదురుగా నిలబడి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, ‘‘అత్తమ్మా, ఇది మా తల్లిగారింటి బీమారి’’ అంది. అమ్మ మెడ, చిన్నమ్మ మెడ, అమ్మమ్మ మెడ, తన మెడ, పోయిన పిల్లాడు, అన్నీ వరసగా చెప్పింది. ‘‘నా నుంచే వీనికి వొచ్చింది. నన్నేమన్నా అను. వీన్ని మాత్రం పట్నం తోలు’’ అంది.

పక్క మంచం మీది పిల్లాడి తల్లి పాలసీసా గాల్లోనే పట్టుకుని వింటోంది. సాయవ్వ ముఖం ఎర్రబడింది. నేను ఆమెకూ కోడలికీ మధ్యకు ఒక అడుగు వేశాను. ఎవరైనా ఆ పిల్లను ఒక్క మాటన్నా సరే, ఆ రోజు నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

‘‘గిన్ని దినాలు నోట్లె ముద్ద వెట్టుకున్నవానే?’’ అని అరిచింది సాయవ్వ. ‘‘నేను డాక్టరమ్మ ముంగట మా ఇంట్ల ఎవ్వలకు లేదు, ఎవ్వలకు లేదని డప్పు గొట్టిన! నువ్వు మా ఇంటిదానివి గాదా? వాడు నీ కడుపుల వుట్టినోడు గాదా? ముందుగాల్నే జెప్తే గీ మూట గడుతునా?’’

తిడుతూనే మూట విప్పేసింది. నాకు అర్థమయ్యేసరికి ఒక నిమిషం పట్టింది. ఆమె తిడుతున్నది జబ్బు తెచ్చినందుకు కాదు, దాచినందుకు.

‘‘డాక్టరమ్మా, అసలు ఏందిది? నాకు సమజయ్యేటట్టు జెప్పు.’’

వాళ్ళది చెరుకు పండించే ఇల్లు. ఆర్‌ఎన్‌ఏ అంటే ఆమెకేం పని? ‘‘చెరుకు నాటేటప్పుడు గడ మొత్తం పాతుతావా, ముచ్చెలు కొట్టి పాతుతావా?’’ అన్నాను. ముచ్చెలంటే మొలక వచ్చే కన్నుతో సహా కోసిన చెరుకు ముక్కలు.

‘‘ముచ్చెలు గొట్టాలె. కన్ను చెడకుంట కొట్టాలె.’’

‘‘మన ఒంట్లో కూడా అట్లనే పొడుగు గడలు తయారైతయి. వాటిని ముచ్చెలు కొట్టే కత్తి ఒకటుంది. ఆ ముచ్చెలే ఒంటికి ఎక్కడ ఆగాలో చెప్తయి. వీళ్ళింట్ల పుట్టుకతోనే ఒక కత్తి మొద్దుది.’’

‘‘కత్తి మొద్దువోయింది. గంతేనా?’’ అంది సాయవ్వ. ‘‘దానికి పిల్ల ఏం జేస్తది? దాని చేతుల ఉన్నదా?’’ ఆ తర్వాత కోడలి గడ్డం పట్టుకుని పైకెత్తి మెడ అటూ ఇటూ తడిమి చూసింది. ‘‘మరి నీ మెడ సూపించుకోవా? వాని సంగతైనంక నీది. సమజయిందా?’’

మౌనిక అప్పుడు ఏడ్చింది. ఆగకుండా, చిన్నపిల్లలా. సాయవ్వ ఒక చేత్తో ఆమెను దగ్గరికి లాక్కుని, రెండో చేత్తో ఫోన్ తీసి బిచ్కుందకు చేసింది. ‘‘వదినె, నేను సాయవ్వను. అన్నీ ఎరికైనయి. ఏడువకు. రేపు పొద్దుగాల పట్నం వోతున్నం, నువ్వు గూడ రా. ఆ మెడకు సుట్టిన కొంగు జర తీసిరా తల్లీ, ఉక్కకు సస్తవ్’’ అంది. నవ్వాపుకోలేక సునీత బయటికి పారిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. కోపం డాక్టరమ్మ ఏడ్చిందని ఆ రోజే ఊరంతా తెలిసిపోయింది.

హైదరాబాద్‌లో ఊపిరితిత్తి కింది భాగాన్ని సిస్టులతో సహా తీసేశారు. పసిపిల్లలకు మిగిలిన ఊపిరితిత్తి పెరిగి ఆ చోటును నింపేస్తుంది. తీసిన ముక్క పాథాలజీకి, అంటే మైక్రోస్కోపు కింద పరీక్షకు వెళ్ళింది. ఆ ల్యాబులో నా క్లాస్‌మేట్ పద్మజ ఉంది. ‘‘సిస్టు గోడను ముక్క ముక్కా చూడు. ఒక్క చోటు కూడా వదలకు’’ అని ఆమె ప్రాణం తోడేశాను. ‘‘నా పని నాకు నేర్పకు’’ అని అదీ కసిరింది. కాలేజీ రోజుల నుంచీ మేం మాట్లాడుకునే పద్ధతి అదే.

ఆమె ఫోన్ వచ్చినప్పుడు నేను నిండు ఓపీలో ఉన్నాను. ముందు ఒక తల్లి, ఆమె ఒళ్ళో చెవి నొప్పితో ఏడుస్తున్న పాప.

‘‘నీ అనుమానమే కరెక్టు’’ అంది పద్మజ. ‘‘బయటికి మామూలు సిస్టే. గోడ లోపలి పొర కింద దాక్కుని ఉన్నాయి చెడ్డ కణాలు, పలచగా, ఒక వరసలో. టైప్ వన్, మొదటి దశే. ఇంకా గడ్డ కట్టలేదు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మొత్తం వచ్చేసిందే! ఏడాది ఆగి ఉంటే మాత్రం నేనీ మాట చెప్పగలిగేదాన్ని కాదు.’’

నేను కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. నిజంగానే కేక. చెవి నొప్పి పాప ఏడుపు ఆపేసి నోరు తెరుచుకుని చూసింది. సునీత పరుగెత్తుకొచ్చింది. ‘‘మన రిత్విక్ బతికిపోయాడే!’’ అని ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాను. ఆ పూట నేనెవరినీ తిట్టలేదట. వరుసలో చివరిదాకా కూర్చున్నవాళ్ళు అదేదో వింత జరిగినట్టు చెప్పుకున్నారు.

తర్వాత రక్తపరీక్షలో జన్యువు సంగతీ తేలిపోయింది. రిత్విక్‌కు, మౌనికకు, నర్సవ్వకు, లక్ష్మికి ఒకటే లోపం, ఒకటే చోట. మౌనిక మెడలోని ముడులు చెడ్డవి కావు, ఏటా చూసుకుంటే చాలన్నారు. లక్ష్మి ఆపరేషను చేయించుకుంది. రిత్విక్‌కు ఏడేళ్ళు వచ్చేదాకా కొన్ని నెలలకొకసారి ఛాతీ ఫోటో. దాన్ని ఒక్కసారి కూడా తప్పించలేదు సాయవ్వ. నాట్లున్నా, కోతలున్నా, ఆఖరికి బస్సులు నిలిచిపోయిన కరోనా కాలంలో కూడా కొడుకు బండి మీద వెనక కూర్చుని మనవణ్ణి తీసుకొచ్చింది. రెండేళ్ళ తర్వాత మౌనికకు పాప పుట్టింది. ఆ పాప రక్తం పరీక్షకు పంపిన రోజుల్లో అన్నం సహించలేదని సాయవ్వే చెప్పింది. పాపకు ఆ లోపం రాలేదు. ఆ కబురు చెప్పగానే, ‘‘వచ్చినా సాకుదుం, రాలేదు గాబట్టి ఇంక మంచిది’’ అంది.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పుకోవడానికి చాలా చిన్న విషయం. నేనిప్పుడు ‘మీ ఇంట్లో ఎవరికైనా’ అని అడగను. అత్తగారిని ఏదో పని మీద బయటికి పంపి, కోడల్ని కూర్చోబెట్టి, ‘‘మీ అమ్మవాళ్ళ సంగతి చెప్పు’’ అంటాను. మీ అమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు, మీ మేనమామలు, పుట్టి పోయిన పిల్లలతో సహా. మొదట బెదురుతారు. తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆపరు. మైక్రోస్కోపుకు కూడా దొరకని చిన్న ముక్కలు మనిషిని నిలబెడతాయో పడగొడతాయో నిర్ణయిస్తాయి. ఆ సంగతి మనకు తెలియాలంటే ముందు ఒక ఆడపిల్ల భయం లేకుండా తన పుట్టింటి మాట చెప్పగలగాలి. ఎన్ని యంత్రాలు కొన్నా నాకింత పనికొచ్చిన పరీక్ష ఇంకోటి లేదు.

రిత్విక్‌కు ఏడేళ్ళు నిండాయి. మొన్న హైదరాబాద్‌లో ఆఖరి ఛాతీ ఫోటో తీశారు. ఆ రోజు పొద్దుటినుంచీ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. మధ్యాహ్నం మోగింది. అవతల ఒకటే రొప్పు.

‘‘సాయవ్వా, ఏమైంది? చెప్పు!’’

‘‘ఏం గాలె డాక్టరమ్మా’’ అంది, ఊపిరి కూడదీసుకుంటూ. ‘‘మంచిగున్నడట. ఇగ ఛాతీ ఫోటో అక్కెర లేదన్నరు. గా మాట ఇని బయటికొచ్చిండో లేదో, దవాఖాన మెట్లమీద ఒకటే ఉరుకుడు. పైకి, కిందికి. వాన్ని పట్టుకోనీకి నాకు దమ్మొస్తుంది, వానికి రాదు!’’

‘‘రానీ సాయవ్వా, రానీ’’ అన్నాను. ‘‘ఉరకనీ వాన్ని.’’